సోమవారం పొద్దున్నే వచ్చే కడుపునొప్పి

దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచారు. ఈసారి పాఠకులు పంపిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే సంగతి మీద: పిల్లలు బడికి వెళ్లనంటున్నారు. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. రెండుసార్లు వాంతి కూడా అయింది. స్కానింగ్, రక్తపరీక్ష, మూత్రపరీక్ష అన్నీ బాగానే ఉన్నాయన్నారు. పది దాటితే నొప్పి ఉండదు, ఆడుకుంటాడు. ఆదివారం ఆ ఊసే ఉండదు. వాళ్ల నాన్న రెండు దెబ్బలు వేసి బండి మీద తీసుకెళ్తే గేటు దగ్గర దిగకుండా హ్యాండిల్ పట్టుకుని ఏడ్చాడు. మా అత్తగారేమో ‘పోనీలే, ఈ ఒక్కరోజుకి’ అంటారు. దిష్టి కూడా తీయించాం. మూడు వారాలైంది. ఇది నిజమా, నాటకమా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: నిజమే. భయం వేసినప్పుడు పేగుల కదలిక మారుతుంది, పొట్ట కండరాలు బిగుస్తాయి, వికారం వస్తుంది. అది స్కానింగ్‌లో కనబడదు గానీ పిల్లాడికి నొప్పి నొప్పే. పది దాటాక తగ్గడానికి కారణమూ అదే. ఇక ఈరోజుకి బడి లేదని ఖాయమయ్యేసరికి భయం దిగుతుంది, దాంతో నొప్పీ దిగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంట్లో ఉండిపోతే హాయిగా ఉంటుందని ఒంటికి తెలిసిపోయింది. అందుకే మానేసిన ప్రతి రోజూ మర్నాటి భయాన్ని ఇంకాస్త పెంచుతుంది. చివరికి ఆదివారం సాయంత్రానికే ముఖం వాడిపోతుంది.

ముందు డాక్టరు సంగతి. నిద్రలోంచి లేపే నొప్పి, సెలవు రోజుల్లోనూ వచ్చే నొప్పి, బొడ్డుకి దూరంగా ఒకేచోట వేలు పెట్టి చూపించే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతులు: వీటిలో ఏది ఉన్నా మళ్లీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఇంకో ఆస్పత్రి, ఇంకో స్కానింగ్ అని తిరగకండి. ‘నాకేదో పెద్ద జబ్బుంది’ అన్న అనుమానం వాడిలో బలపడుతుంది. మలబద్ధకం ఉందా, హిమోగ్లోబిన్ ఎంత (ఈ వయసులో 11.5 కన్నా తక్కువైతే రక్తహీనత), కంటిచూపు ఎలా ఉంది, ఈ మూడు మాత్రం చూపించండి. బోర్డు సరిగ్గా కనబడక, నోట్సు పూర్తికాక రోజూ తిట్లు తినే పిల్లలు ఎంతోమంది. వాళ్లకు కావలసింది కళ్లజోడు.

తర్వాత కారణం పట్టుకోవాలి. ‘ఎందుకు వెళ్లవురా?’ అని అడిగితే ‘ఏమో’ అనే వస్తుంది. వాడికి నిజంగానే తెలియకపోవచ్చు. దానికి బదులు సాయంత్రం, భయం లేని వేళ, ఒక కాగితం మీద బడి రోజంతా వరసగా రాయండి. ఆటో, ప్రేయర్, మొదటి పీరియడ్, ఇంటర్వెల్, బాత్రూమ్, లెక్కల పీరియడ్, భోజనం, హోంవర్క్ చూపించడం, పరీక్ష పేపర్లు ఇచ్చే రోజు. ఒక్కోదానికి భయం ఎంతో 0 నుంచి 10 దాకా మార్కులు వేయమనండి. మార్కులు వేయడం తన పని కాబట్టి పిల్లలు దీన్ని ఇష్టంగా చేస్తారు. చాలాసార్లు బడి మొత్తానికి పది రాదు. ఎనిమిదీ తొమ్మిదీ వచ్చేది ఒకటి రెండు చోట్లే. ‘బడి భయం’ అనుకున్నది బాత్రూమ్‌కి గడియ లేకపోవడమో, ఆటోలో వెనక కూర్చునే పెద్ద పిల్లాడో, అందరి ముందూ ఎక్కం అప్పజెప్పమనడమో అని తేలుతుంది.

బడికి వెళ్లనన్న పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టఫర్ కియర్నీ ఈ కారణాలను నాలుగు రకాలుగా విడదీశాడు. బడిలో ఏదో ఒకటి దుర్భరంగా ఉండి దాన్ని తప్పించుకోవడం. నలుగురిలో మాట్లాడటాన్నో, పరీక్షనో తప్పించుకోవడం. అమ్మానాన్నల దగ్గర ఉండిపోవాలనుకోవడం. ఇంట్లో దొరికేవి బడికన్నా బాగుండటం. ఇందులో ఒకటే ఉండాలని లేదు, ఒకదానితో మొదలై ఇంకొకటి తోడవుతుంది. లెక్కల పీరియడ్‌కి భయపడి ఆగిపోయినవాడికి మూడు వారాలు గడిచేసరికి నాయనమ్మ చేతి ఉప్మా, మధ్యాహ్నం యూట్యూబ్ కూడా అలవాటవుతాయి. అప్పుడు లెక్కల టీచరు మారినా వాడు కదలడు. మీరు రెండు వైపుల నుంచీ పని చేయాలి.

మార్కులు చదవడం, రాయడం దగ్గరే పెరుగుతున్నాయనుకోండి. నాలుగో తరగతికి వచ్చినా ఒత్తులూ గుణింతాలూ తారుమారవుతూ, రెండో తరగతి పాఠం కూడా కూడబలుక్కుని చదువుతుంటే అభ్యసన వైకల్యం ఉందేమో చూపించాలి. పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసేందుకు జిల్లా స్థాయిలో ప్రభుత్వం నడిపే డీఈఐసీ కేంద్రాలు 18 ఏళ్ల లోపు పిల్లలను చూస్తాయి. అలాంటి పిల్లాణ్ని కారణం తేల్చకుండా బడికి తోసేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఇక బడికి పంపడం. మూడు వారాలు ఆగినవాణ్ని సోమవారం నుంచి రోజంతా కూర్చోమంటే కుదరదు. ముందు మీరిద్దరూ పిల్లాడు లేకుండా వెళ్లి క్లాస్ టీచరుని, హెడ్మాస్టరుని కలవండి. నాలుగు మాటలు ఖాయం చేసుకుని రండి. గేటు దగ్గర రోజూ ఒకే టీచరో, ఆయమ్మో వాణ్ని అందుకోవాలి. ‘ఏం దొరగారూ, ఇప్పుడు తెల్లారిందా?’ లాంటి మాట క్లాసులో ఎవరూ అనకూడదు. వెనకబడిన నోట్సు మొత్తం రాయించకుండా ముఖ్యమైనది జిరాక్స్ ఇవ్వాలి. మరీ భయం వేస్తే పది నిమిషాలు లైబ్రరీలోనో స్టాఫ్ రూమ్ బయటో కూర్చుని మళ్లీ క్లాసుకి రానివ్వాలి, ఇంటికి మాత్రం ఫోన్ చేయకూడదు. చాలా ప్రయత్నాలు ఈ నాలుగో మాట దగ్గరే చెడతాయి. పిల్లాడు ఏడ్చిన ఐదు నిమిషాలకే ఆఫీసు నుంచి ‘వచ్చి తీసుకెళ్లండి’ అని ఫోన్ వస్తుంది. భయం ఎక్కింది ఎక్కినట్టే ఉండదు, సాధారణంగా అరగంటలోపే దిగడం మొదలుపెడుతుంది. అది దిగకముందే ఇంటికి తెచ్చేస్తే, దిగుతుందని వాడికి ఎప్పటికీ తెలియదు.

మెట్లు ఇలా కట్టుకోవచ్చు. మొదటి రెండు రోజులు బడి వదిలాక సాయంత్రం వెళ్లి, ఖాళీ క్లాసులో తన బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని రావాలి. తర్వాత రెండు మూడు రోజులు చివరి రెండు పీరియడ్లు. తర్వాత మధ్యాహ్న భోజనం నుంచి, ఆపైన ఇంటర్వెల్ నుంచి, ఆపైన ప్రేయర్ ఒక్కటి వదిలి రోజంతా, చివరికి ప్రేయర్‌తో సహా. పొద్దున వెళ్లి పదకొండుకి వచ్చేయడం కన్నా ఇలా సాయంత్రం వైపు నుంచి మొదలుపెట్టడమే మేలని మా అభిప్రాయం. పదకొండుకి అమ్మ వస్తుందని తెలిసినవాడు పాఠం వినడు, గడియారం చూస్తాడు. చివరి పీరియడ్‌కి వెళ్లినవాడు లాంగ్‌బెల్ కొట్టగానే అందరితో కలిసి బయటికొస్తాడు. ప్రతి మెట్టు మీదా భయం మార్కులు సగానికి పడ్డాక పై మెట్టుకి వెళ్లండి, సున్నా అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒకరోజు బెడిసికొడితే మర్నాడు అదే మెట్టు మళ్లీ చేయించండి, కిందికి దిగొద్దు. మొత్తానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

పొద్దున్నే మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. నాన్న కేక, నాయనమ్మ బుజ్జగింపు, అమ్మ బతిమాలడం మూడూ కలిస్తే వాడు ఎవరో ఒకరి దగ్గర దారి వెతుక్కుంటాడు. ‘వెళ్తావా నాన్నా?’ అని అడగకండి, దానికి ఉన్న జవాబు ఒక్కటే. ‘కడుపు నొప్పెడుతోందని తెలుసు. ఇవాళ భోజనాల టైముకి వెళ్తున్నాం, గేటు దాకా నేనొస్తాను’ అని చెప్పి చెప్పులేసుకోండి. అదే మాట అదే గొంతుతో రెండోసారి చెప్పండి. మూడోసారి వద్దు, చర్చలోకి దిగొద్దు. వాంతి అయ్యే పిల్లలకు బయల్దేరేముందు గ్లాసెడు పాలు పట్టించకండి. ముప్పావుగంట ముందు రెండు ఇడ్లీలు చాలు. బ్యాగులో ఒక కవరు, ఇంకో చొక్కా పెట్టండి. వాంతైతే నోరు కడిగి, చొక్కా మార్చి, అదే ఆటో ఎక్కించండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, విరేచనాలైనా, పైన చెప్పిన లక్షణాలేవైనా కనబడినా మానొచ్చు. ఈ నియమం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, అప్పుడు ప్రతి పొద్దునా కొత్త పంచాయితీ ఉండదు.

బడి మానిన రోజున ఇల్లు శిక్షలాగా ఉండకూడదు, పండగలాగానూ ఉండకూడదు. తొమ్మిది నుంచి నాలుగు దాకా టీవీ, ఫోను బంద్. బాక్సులో పెట్టే అన్నమే భోజనం. పుస్తకాలతో బల్ల దగ్గర కూర్చోవాలి. నాలుగు దాటాక మామూలు రోజే, ఆటకి పంపండి. ఈ నియమానికి ఇంట్లో అడ్డొచ్చేది అత్తగారే అనిపిస్తుంది. ఆవిడతో వాదించకండి, పని అప్పగించండి. సాయంత్రం గేటు దగ్గరికెళ్లి మనవణ్ని తీసుకొచ్చి, చేగోడీలు పెట్టడం ఆవిడ వంతు. పొద్దున ఇంట్లో దొరికే ముద్దు సాయంత్రానికి మారితే సగం పని అయినట్టే. దిష్టి కావాలంటే తీయండి, కాకపోతే అది కూడా సాయంత్రమే. పొద్దున్నే తీస్తే, బడికి బయల్దేరడం గండం కాబట్టే తీస్తున్నారని పిల్లాడు అనుకుంటాడు.

కొట్టడం ఎందుకు పనికిరాదంటే, బడి అనగానే ఇప్పటికే ఒక భయం ఉంది, మీరు రెండోది కలుపుతున్నారు. ఒకరోజు గేటు దాటించొచ్చు గానీ బడిలో ఏం జరిగిందో వాడు మీకు చెప్పడం మానేస్తాడు.

రెండు వారాలు మెట్లు సరిగ్గా చేయించినా కదలిక లేకపోతే, ఊపిరాడనంత భయం వస్తుంటే, తిండీ నిద్రా చెడితే, ‘చచ్చిపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారైనా వస్తే పిల్లల సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవాలి. ఆ చివరి మాట వచ్చినప్పుడైతే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: ఊరు మారి హైదరాబాద్ వచ్చాం. యూకేజీ చదివే మా పాప కొత్త బడి గేటు దగ్గర రోజూ గుక్కపెట్టి ఏడుస్తోంది. మేం వచ్చేశాక ఐదు నిమిషాల్లో మానేస్తుందని టీచరు అంటున్నారు. నమ్మొచ్చా?
- ఒక తండ్రి, మియాపూర్

జవాబు: ఎక్కువగా నమ్మొచ్చు. అనుమానముంటే పదిన్నరకి ఒక ఫోటో పంపమనండి. కిటికీలోంచి తొంగి చూడటం మాత్రం వద్దు, పాప మిమ్మల్ని చూసిందా, కథ మొదటికొస్తుంది. వీడ్కోలు ఒక నిమిషంలో ముగించండి. ఒక ముద్దు, ‘స్నాక్స్ తిని, బొమ్మలేసి, అన్నం తిన్నాక వస్తా’, అంతే. ఆ వయసుకి గంటలు తెలియవు, పనుల వరస తెలుస్తుంది. చెప్పకుండా జారుకోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, మర్నాడు మీ చెయ్యి అస్సలు వదలదు. చెప్పిన వేళకంటే పది నిమిషాలు ముందే గేటు దగ్గర ఉండండి. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా బడిలోనూ రోజంతా ఏడుస్తూ, ఎవరితోనూ నోరు విప్పకపోతే అప్పుడు చూపించాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చదువులో బాగుంటుంది. నెలకి నాలుగైదు రోజులు మాత్రం ఎంత చెప్పినా బడికి కదలదు. కారణం చెప్పదు.
- ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మానేసిన తేదీలను మూడు నెలల క్యాలెండర్ మీద గుర్తుపెట్టి వాళ్లమ్మకి చూపించండి. నెలసరి తేదీలతో కలిస్తే ఇక అమ్మాయిని నిలదీయక్కర్లేదు. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరు చెప్పిన మాత్రను నొప్పి ముదిరాక కాకుండా మొదలవగానే వేసుకోవాలి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, ఏడు రోజులు దాటినా గైనకాలజిస్టుకి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 12 ఉండాలి. చాలాచోట్ల అసలు అడ్డంకి నొప్పి కాదు, బడి బాత్రూమ్. గడియ ఉందా, నీళ్లున్నాయా, వాడిన ప్యాడ్ వేయడానికి మూతున్న డబ్బా ఉందా, పీరియడ్ మధ్యలో వెళ్తానంటే సారు పంపుతారా? ఇవి వాళ్లమ్మో, పిన్నో అడగాలి. బాత్రూమ్‌కి పోవాల్సొస్తుందని ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లే తాగరు, దాంతో మూత్రంలో మంట మొదలై మరో రెండు రోజులు పోతాయి. ఒక లేడీ టీచరుని పట్టుకుని, అడగకుండానే బయటికి వెళ్లొచ్చే అనుమతి ఇప్పించండి. బ్యాగులో చిన్న పౌచ్: రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత న్యూస్‌పేపర్. ముదురు రంగు చున్నీయో స్వెట్టరో కూడా ఉంటే మరక పడినా నడుముకి కట్టుకోవచ్చు.

తేదీలు కలవకపోతే వేరే వరస చూడండి. స్లిప్ టెస్టు రోజులా? ఒక సారు పీరియడ్ ఉన్న రోజులా? కొట్టారనో, క్లాసు ముందు అవమానించారనో తేలితే, విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. హెడ్మాస్టరుకి కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు వారం తిరక్కుండా ‘అలాంటిదేం లేదు’గా మారిపోతుంది.

ప్రశ్న: మావాడికి ఐదో తరగతిలో గురుకులం సీటొచ్చింది. దసరాకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని ఏడుస్తున్నాడు. సీటు రావడమే గొప్పని అందరూ అంటున్నారు. బలవంతంగా పంపమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇది ఇంటి బెంగా, లేక అక్కడ ఏదైనా జరిగిందా అన్నది తేలేదాకా ఎవరి మాటా వినకండి. బెంగ పెట్టుకున్న పిల్లాడు ఇంటి గురించి మాట్లాడతాడు: అమ్మ, చెల్లి, కుక్కపిల్ల, అన్నం. ఏదో జరిగినవాడు మనిషి గురించో చోటు గురించో మాట్లాడతాడు, లేదా ఒక పేరు రాగానే మాట మారుస్తాడు. కొత్తగా ఉలిక్కిపడటం, బట్టలు మార్చుకునేటప్పుడు దాక్కోవడం, తన దగ్గర ఉండకూడని డబ్బో వస్తువో ఉండటం, ఒంటి మీద దెబ్బలు గమనించండి. అలాంటి అనుమానమే ఉంటే వెనక్కి పంపకండి, గుచ్చిగుచ్చి అడగకండి, వాడి మాటల్లోనే రాసిపెట్టుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగికంగా వేధించారన్న అనుమానమైతే, పోక్సో చట్టం 2012 ప్రకారం అది తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు కోసం సర్దుకోమనే పెద్దమనుషుల మాట చట్టం ముందు చెల్లదు.

అలాంటిదేమీ లేదని తేలితే చిన్న చిన్న కారణాలు వెతకండి, అవి పెద్దవాళ్లకే చిన్నవి. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిపూట దురద ఉందా? గజ్జి అయితే ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకుని, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. అక్కడ పక్కవాళ్లకు కూడా వైద్యం చేయించకపోతే మళ్లీ అంటుకుంటుంది. పక్క తడుపుతున్నాడా? పదేళ్లకీ కొందరికి ఉంటుంది, హాస్టల్లో దాన్ని మించిన నరకం లేదు. వాడు మీకు చెప్పడు, ఇంట్లో దుప్పటి చూసి మీరే తెలుసుకోవాలి. రాత్రి భోజనం తర్వాత నీళ్లు తగ్గించి, పడుకోబోయేముందు బాత్రూమ్‌కి పంపమని, అవసరమైతే నిద్రలేపమని వార్డెన్‌కి విడిగా చెప్పండి. డాక్టరుకి చూపించండి, వైద్యముంది. బకెట్టు, సబ్బు, చెప్పులు పోతున్నాయా? పెట్టెకి తాళం, వస్తువుల మీద చెరగని ఇంకుతో పేరు.

ఉత్త బెంగే అయితే పంపొచ్చు. ఫోన్ వారంలో ఫలానా రోజులు, ఫలానా వేళ అని ఖాయం చేసుకోండి, పడుకోబోయే ముందు మాత్రం వద్దు. ‘బాగా ఏడిస్తే తీసుకొచ్చేస్తాం’ అనకండి, వాడు ఏడుపే నమ్ముకుంటాడు. ‘సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు కూర్చుని మాట్లాడదాం. అప్పటికీ వద్దంటే ఇక్కడి బడిలో చేరుస్తాం’ అని తేదీతో చెప్పండి, చెప్పినట్టు చేయండి. నిజంగానే వద్దంటే సీటు వదులుకోవడం తప్పేమీ కాదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి అబ్బాయి. రాత్రి మూడు దాకా ఫోను. పొద్దున లేవడు, బడి లేదు.
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇది రెండు రకాలుగా ఉంటుంది. ఫోను వల్ల బడి పోయినవాడు ఒకడు, బడి భరించలేక ఫోనులో దాక్కున్నవాడు ఇంకొకడు. ఫోను లాక్కునే ముందు రెండోది కాదని తేల్చుకోండి, పైన చెప్పిన మార్కుల కాగితం పెద్ద పిల్లలకీ పనికొస్తుంది. నిద్ర విషయానికొస్తే ఈ వయసుకి రాత్రికి 8 నుంచి 10 గంటలు కావాలి. మూడింటికి పడుకునేవాణ్ని రేపటి నుంచి పదికి పడుకోమంటే నిద్ర రాదు, చీకట్లో పడుకుని ఫోనే చూస్తాడు. ప్రతి రెండు రోజులకీ ఇంకో అరగంట పెందలాడే లేపండి. లేవగానే డాబా మీద ఎండలో ఇరవై నిమిషాలు, పగటి నిద్ర లేదు, ఆదివారం కూడా అదే వేళ. రాత్రి నిద్ర కూడా దానంతటదే పెందలాడే వస్తుంది. ఇంట్లో అందరి ఛార్జర్లూ హాల్లోనే ఉండాలి, మీది కూడా. వైఫై ఆపేసి తలుపు బాదడం వల్ల గొడవ తప్ప ఏమీ రాదు.

ప్రశ్న: నెల రోజులు రాలేదని, ఆరో తరగతి చదివే మా పాప పేరు కొట్టేస్తామని ప్రైవేటు స్కూలువాళ్లు అంటున్నారు. టీసీ కూడా ఫీజు కడితేనే అంటున్నారు.
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. డాక్టరు లేదా సైకాలజిస్టు ఇచ్చిన కాగితం జతచేసి, పాప ఏ తేదీ నుంచి ఏ మెట్లలో బడికి వస్తుందో రాసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి. వినకపోతే మండల విద్యాధికారికి రాయండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారాలనుకుంటే టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని అదే చట్టంలో ఉంది, వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. కాకపోతే బడి మార్చే ముందు ఒక్కటి చూసుకోండి. పాప భయం ఆ బడిలోని ఒక మనిషి మీదో, ఒక చోటు మీదో అయితే మార్చడం మంచిదే. నలుగురి ముందు మాట్లాడటం మీదో, అమ్మను వదిలి ఉండటం మీదో అయితే కొత్త బడిలో వారం పదిరోజులు బాగుండి మళ్లీ మొదలవుతుంది. అలాంటప్పుడు ఉన్న బడిలోనే మెట్లు మొదలుపెట్టి, మార్పేదైనా ఉంటే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు చేయండి.